రంగు కాదు, ధార చూడండి
పిల్లల మూత్రకోశ ఆపరేషన్ల తర్వాత: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సంగతి ఒకటే. పిల్లకో పిల్లాడికో మూత్రనాళాల ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చారు, ఇప్పుడు మూత్రాశయం లోపలి పొరతో ఏదో తంటా. రాసినవాళ్లలో ఎక్కువమంది ఎరుపు చూసి బెదిరిపోయారు. నిజంగా పరుగెత్తాల్సింది మూత్రం రావడం ఆగినప్పుడు. అలా ఆగిన రోజున మాత్రం ‘తెల్లారి చూద్దాం’ అని కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

మూత్రాశయం లోపలి పొర మామూలు రోజుల్లో చాలా నెమ్మదిగా మారుతుంది, కొత్త కణాలు రావడానికి నెలలు పడతాయి. గాయమైతే మాత్రం చురుగ్గా పెరిగి కప్పేస్తుంది. చిన్న గీరుడు కొద్ది రోజుల్లో, కోసి కుట్టిన చోటు కొన్ని వారాల్లో మూసుకుంటుంది. ఆ పని చెడగొట్టేవి పైపు కొన రాపిడి, లోపల నిలిచిన మూత్రం, ఇన్ఫెక్షన్, వెనకనుంచి ఒత్తే మలబద్ధకం.

*

మా బిడ్డకు ఐదేండ్లు, 16 కిలోలున్నది. మూత్రం కిడ్నీలకు ఎదురెక్కుతుందని రెండు దిక్కుల నాళాలు మళ్ల కుట్టిన్రు. పైపుతోటే ఇంటికి పంపిన్రు. సంచిల మూత్రం ఎర్రగ వస్తుంది. గంటకోసారి కాళ్లు ముడుసుకొని కేకలు పెడ్తది, అప్పుడు పైపు పక్కపొంటి కారుతది. మా అత్తమ్మ వేడి చేసిందంటది. పైపు జారిందా?
ఒక తల్లి, నర్సంపేట

మీరు రాసిన తీరు చూస్తే పైపు జారినట్టు లేదమ్మా. మూత్రాశయం బిగుసుకుంటోంది. ఈ ఆపరేషన్‌లో లోపలి పొరను లేపి, దాని కింద సొరంగంలా దారి చేసి, కిడ్నీ నుంచి వచ్చే నాళాన్ని అందులో పడుకోబెట్టి, కరిగిపోయే దారంతో కుడతారు. సొరంగం పొడవు నాళం వెడల్పుకు దాదాపు 5 రెట్లు ఉండాలన్నది పాత లెక్క. అంటే చిన్న మూత్రాశయంలో పొర చాలామేర కదిలిపోతుంది. ఆ పచ్చి గాయం మీద పైపు కొన, అది జారకుండా లోపల ఉబ్బించిన బుడగ ఆనుతుంటే కండరం ‘మూత్రం వచ్చింది, బయటికి తోసెయ్’ అనుకొని పిండేస్తుంది. పైపు రంధ్రం సన్నం కాబట్టి అంత ఒత్తిడికి మూత్రం పక్కనుంచి కారుతుంది. నొప్పి ఒకటి రెండు నిమిషాలుండి తగ్గి, మధ్యలో పాప ఆడుకుంటుంటే అది బిగుసుకోవడమే. నొప్పి తగ్గకుండా ఏడుస్తూ, పొత్తికడుపు ఉబ్బి గట్టిగా తగులుతూ, సంచిలోకి ఏమీ దిగకపోతే అది పైపు మూసుకుపోవడం. ఈ రెండింటికీ మందు వేరు, తొందర వేరు.

తేడా తెలుసుకోవాలంటే సంచి ఖాళీ చేసి గడియారం చూడండి. ఈ వయసు పిల్లలకు కిలోకు గంటకు 1 మి.లీ. అయినా రావాలి. మీ పాపకు గంటకు 16, రెండు గంటలకు 30 మి.లీ. పైచిలుకు. అంతకన్నా తగ్గితే ముందు పైపు వెంట చెయ్యి పోనివ్వండి. మడత పడిందా, పాప దాని మీద పడుకుందా, సంచి నడుము కన్నా పైకి ఉందా చూడండి. బస్సులో వచ్చేటప్పుడు సంచిని సామాన్ల అరలో పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు సంచిలోదే వెనక్కి పోతుంది. ఎప్పుడూ మోకాలు కిందికే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి, బరువుకు పైపు లాగుతుంది. పైపును తొడకు ప్లాస్టరుతో అంటించి, కొంచెం వదులు ఉంచండి. అన్నీ సరిగ్గా ఉండి రెండు గంటలైనా ఏమీ రాకపోతే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వరంగల్ ఎంజీఎం క్యాజువాలిటీకి తీసుకెళ్లినా, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లినా డిశ్చార్జి కాగితం చేతిలో ఉండాలి. సిరంజితో నీళ్లు కొట్టి పైపు కడగడం డాక్టరు నేర్పి పంపితేనే చేయండి. కొత్త కుట్ల మీద గట్టిగా తోస్తే కుట్టు విడిపోతుంది.

ఇక ఎరుపు. లీటరు మూత్రంలో 1 మి.లీ. రక్తం కలిసినా రంగు కనిపిస్తుంది. నీళ్లు కలిపిన దానిమ్మ రసంలా లేత గులాబీగా ఉంటే ఒకటి రెండు వారాలు వచ్చిపోతూ ఉండవచ్చు. పరుగెత్తినా, ముక్కినా మళ్లీ కాసేపు కనిపిస్తుంది. చిక్కగా, లోపల గడ్డలు తేలుతూ వస్తే ఆగకండి. గడ్డే పైపును మూసేది. ‘వేడి చేయడం’ అనే మాట మనదగ్గర ప్రతి మూత్రపు ఎరుపుకూ అతుకుతుంది. అత్తమ్మ సలహాలో నీళ్లు, మజ్జిగ ఇవ్వడం మంచిదే. రక్తాన్ని వేడి అనుకొని ఊరుకోవడమే చెడ్డది. అన్నట్టు బీట్‌రూట్ తిన్నా మూత్రం ఎర్రబడుతుంది, ఆ రోజు ఏం తిన్నదో కూడా గుర్తు చేసుకోండి.

బిగుసుకోవడానికి డాక్టర్లు ఆక్సిబ్యూటినిన్ రాస్తారు. మోతాదు సాధారణంగా ఒక్కసారికి కిలోకు 0.1 నుంచి 0.2 మి.గ్రా., రోజుకు రెండు మూడుసార్లు. మీ పాపకు అది 1.6 నుంచి 3.2 మి.గ్రా. మధ్య వస్తుంది. చీటీలో ఉన్న దానికే కట్టుబడండి. నోరు ఎండడం, బుగ్గలు ఎర్రబడడం, మలబద్ధకం దీని గుణాలు. ఇంకొకటి మన ఎండలకు ముఖ్యం: చెమట తగ్గిస్తుంది. రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం ఈ మందు మీదున్న పిల్లను ఎండలో తిప్పితే ఒళ్లు కాలిపోతుంది, అది ఇన్ఫెక్షన్ జ్వరమనుకొని మందులు మొదలుపెడతారు. పైపు తీసే ముందు రోజు ఈ మందు ఆపమంటారు, అడిగి తెలుసుకోండి. ఆపకపోతే మూత్రం పోయడానికి కండరం లేవదు.

నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., అంటే 240 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. సీసా మీద అంకె చదవండి. 5 మి.లీ.లో 250 ఉన్న సిరప్ అయితే దాదాపు 5 మి.లీ., 120 లేదా 125 ఉన్నదైతే 10 మి.లీ. ఈ రెండు సీసాలు కలగలిసి పిల్లలకు సగం మందు పడడమో, రెట్టింపు పడడమో జరుగుతుంటుంది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేయించకండి, కిడ్నీలు దెబ్బతిన్న పిల్లలకు అది పడదు. రెండు రోజులు మలం రాకపోతే డాక్టరు చెప్పిన లాక్టులోజ్ ఇవ్వండి. రాగి అంబలి, జామ, బొప్పాయి పెట్టండి. పేగు ఖాళీ అయితే సగం నొప్పి దానంతటదే పోయే పిల్లలున్నారు.

పైపు తీశాక రెండు రోజులు అరగంటకోసారి చుక్కచుక్కగా, మంటతో పోస్తుంది. మంటకు భయపడి బిగబడితే గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి, ఆ నీళ్లలోనే పోయనివ్వండి. 6 గంటలు దాటినా పోయకపోతే, లేదా నడుము పక్కన నొప్పి, వాంతులు, జ్వరం వస్తే, కుట్టిన నాళం కొన వాచి కిడ్నీకి దారి మూసుకుందేమో అల్ట్రాసౌండ్‌తో చూడాలి. ఏమీ లేకపోయినా నాలుగు నుంచి ఆరు వారాలకు ఒక స్కాన్ తీయిస్తారు. అందులో ‘కిడ్నీలో కొద్దిగా ఉబ్బు’ అని వస్తే వెంటనే కంగారు పడకండి, మొదట్లో అది వాపు వల్లే రావచ్చు.

*

మా బాబుకు ఎనిమిది నెలలు. మూత్రమార్గంలో కవాటాలు అడ్డున్నాయని పుట్టిన నెలలోనే బొడ్డు కింద రంధ్రం పెట్టారు, మూత్రం అందులోంచే వస్తుంది. వారం నుంచి ఏడ్చినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి ఎర్రటి ముద్ద బయటికి వస్తోంది. పడుకుంటే లోపలికి పోయేది. నిన్నటి నుంచి పూర్తిగా పోవడం లేదు.
ఒక తండ్రి, జమ్మికుంట

మీకు మొదటి మాట: ఈ పత్రిక పక్కన పెట్టి బాబు ముద్ద రంగు చూడండి. బుగ్గ లోపలి రంగులో, తడిగా, మెత్తగా ఉండి, మూత్రం డైపర్‌ను తడుపుతుంటే ఈ రోజులోపు డాక్టరును కలవండి. నీలంగా, నల్లగా మారినా, మూత్రం ఆగినా, బాబు వాంతి చేసుకున్నా, గంటలు కూడా ఆగకండి. ఆ స్థితిలో పాలు పట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

బయటికి వస్తున్నది మూత్రాశయపు సొంత గోడ. చొక్కా చేతిని లోపలినుంచి బయటికి తిరగేసినట్టు, పైభాగమో వెనక గోడో రంధ్రంలోంచి తిరగబడుతుంది. రంధ్రాన్ని బొడ్డుకూ, పొత్తికడుపు అడుగున ఉండే జఘనాస్థి ఎముకకూ మధ్య పెట్టి, మూత్రాశయం పై కొనను పైకి లాగి కుడతారు. పై కొన కాక ముందు గోడను బయటికి తెస్తే, దాని పైన మిగిలిన గోడ కిందికి జారడానికి వదులు దొరుకుతుంది. రంధ్రం మరీ పెద్దదైనా అంతే. సాధారణంగా 24 నంబరు పైపు పట్టేంత, అంటే 8 మిల్లీమీటర్ల అడ్డుకొలత పెడతారు. 3 నంబర్లకు 1 మిల్లీమీటరు, పైపుల లెక్క అదే. దీనికి తోడు దగ్గు, మలబద్ధకం, గుక్కపట్టి ఏడవడం ఒత్తిడి పెంచుతాయి.

ప్రమాదం ముద్దతో కాదు. గోడ లాక్కుపోయినప్పుడు కిడ్నీల నుంచి వచ్చే రెండు నాళాల మూతులూ దానితో లాగబడి మెలిపడతాయి. బయట తడిగా కనిపిస్తున్నా లోపల కిడ్నీ ఉబ్బుతుంది. బయటపడిన భాగానికి రక్తం ఆగితే నల్లబడుతుంది.

దారిలో చేయాల్సింది ఇంతే: సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) కప్పి, ఆరకుండా చూడండి. పసుపు, పౌడరు, నూనె ఏదీ పొర మీద పడకూడదు. చుట్టుపక్కల చర్మానికి కొబ్బరి నూనె ఫర్వాలేదు. లోపలికి నెట్టడం సర్జన్ చేతులారా నేర్పి ఉంటేనే చేయండి. నేర్పి ఉంటే బాబు ఏడుపు ఆగాక, వేళ్ల కొనలతో పొడవకుండా, తడిగుడ్డ మీద అరచేతితో కొన్ని నిమిషాలు నిలకడగా ఒత్తితే వాపు పిండుకుపోయి జారుతుంది. రెండుసార్లకు పోకపోతే మానేయండి. ఆసుపత్రిలో మత్తులో నెట్టి, తిరిగి రాకుండా కొన్నాళ్లు పైపు పెట్టి ఉంచుతారు. మళ్లీ మళ్లీ వస్తుంటే రంధ్రం సరిచేసే ఆపరేషన్ తప్పదు. ఆలోగా కవాటాలు తొలగించి ఉంటే, మూత్రాశయం, కిడ్నీలు కుదుటపడి ఉంటే, మూసేయడమే మంచిదా అని సర్జన్‌ను అడగడం తప్పు కాదు.

ఇదే రంధ్రానికి దీనికి సరిగ్గా ఎదురైన రోగం కూడా ఉంది: మెల్లగా కుంచించుకుపోవడం. డైపర్ తడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పొత్తికడుపు గుండ్రంగా కనిపిస్తున్నా, జ్వరాలు తిరగబెడుతున్నా 8 లేదా 10 నంబరు ఫీడింగ్ ట్యూబ్ పట్టి చూడమని అడగండి. రోజూ స్నానం చేయించవచ్చు. ఎలాస్టిక్ నిక్కరు అంచు మాత్రం రంధ్రం మీద పడకుండా చూడండి. డైపర్ మూడు గంటలకోసారి మార్చి, చుట్టూ చర్మానికి జింక్ ఆక్సైడ్ పూత వేస్తే ఒరుపులు రావు.

*

మా బాబుకు పైపు ఉన్నది. మూత్రం పరీక్షలో చీము కణాలు ‘నిండా’ అని వచ్చింది. ఊళ్లో వైద్యుడు ఐదు రోజులు ఇంజెక్షన్లు అంటున్నాడు. చేయించాలా?
మంచిర్యాల

జ్వరం లేకపోతే వద్దు. పైపు ఉన్న ప్రతి మూత్రాశయంలోనూ కొద్ది రోజుల్లో చీము కణాలు, సూక్ష్మజీవులు కనిపిస్తాయి. పైపు రాసుకున్న పొర అలాగే ఉంటుంది. దానికి మందు వాడితే మొండి సూక్ష్మజీవులే మిగులుతాయి, రేపు నిజంగా జ్వరం వచ్చిన రోజు పనిచేసే మందు దొరకదు. ఊళ్లలో ఎక్కువగా పొడిచేవి అమికాసిన్, జెంటామైసిన్. రెండూ కిడ్నీ మీద భారం వేసేవే. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, వాంతులైనా, నడుము నొప్పి వచ్చినా అప్పుడు కల్చర్ (మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) చేయించాలి. శాంపిల్ సంచిలోది పనికిరాదు, పైపు నుంచి అప్పుడే దిగినది కావాలి.

*

మా పాపకు ఏడేళ్లు. మూడేళ్ల కింద మూత్రాశయం ఆపరేషన్ అయింది. ఈమధ్య మంట, రక్తం వస్తే లోపల కెమెరాతో చూసి చిన్న ముక్క తీశారు. రిపోర్టులో ‘నెఫ్రోజెనిక్ అడినోమా’ అని ఉంది. ఇది క్యాన్సరా? ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
జగిత్యాల

క్యాన్సర్ కాదు. పేరులో ‘అడినోమా’ ఉండడమే ఇంతమందిని భయపెడుతోంది. కిడ్నీలోని సన్నని గొట్టాల కణాలు కొన్ని రోజూ రాలి మూత్రంతో కిందికి వస్తుంటాయి. మామూలుగా బయటికి పోతాయి. మూత్రాశయం లోపల కుట్టు, పైపు రాపిడి, రాయి, ఇన్ఫెక్షన్ వల్ల పొర ఊడిన చోటుంటే అక్కడ అతుక్కొని మొలకెత్తుతాయి. 2002లో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి మూత్రాశయాల్లోని ఇలాంటి గడ్డలను పరీక్షిస్తే, ఆ కణాలు దాత కిడ్నీవేనని తేలింది. అంతకుముందు ఇది మూత్రాశయం పొరే రూపు మారడం అనుకునేవారు.

పిల్లల్లో ఇది అరుదు. వచ్చినప్పుడు వెనక ఎక్కువగా మూత్రాశయం ఆపరేషనే ఉంటుంది, మధ్యలో ఏళ్లు గడవవచ్చు. లక్షణాలు అచ్చం మూత్ర ఇన్ఫెక్షన్‌లా ఉంటాయి, కల్చర్‌లో మాత్రం ఏమీ రాదు. కల్చర్ శుభ్రంగా ఉన్నా రక్తం వస్తూనే ఉంటే, కోర్సు తర్వాత కోర్సు యాంటీబయాటిక్ మింగించకుండా కెమెరాతో చూడటమే సబబు. మీ డాక్టర్లు అదే చేశారు.

చికిత్స: ఆ కెమెరా గొట్టం (దూర్బీన్) ద్వారానే గీకి తీసి, అడుగును కాలుస్తారు. తిరిగి రావడం దీని అలవాటు, అందుకే కొన్ని నెలలకు మళ్లీ చూస్తారు. మూత్రం బాగుంది కదా అని మానకండి. అనుమానం పూర్తిగా తీరాలంటే ల్యాబ్ నుంచి స్లైడ్లు, తీసిన ముక్కను దాచిన మైనం దిమ్మెలు తీసుకొని మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు. అవి అడిగితే ఇస్తారు. ‘ప్యాక్స్8’ రంగు పరీక్ష పాజిటివ్ అయితే కణాలు కిడ్నీ మూలానివని బలపడుతుంది. ఇంకో మాట: అదే చోట కరగని కుట్టు ముడి మిగిలి దాని మీద రాయి పేరుకుందేమో కూడా చూశారా అని అడగండి. కారణం అక్కడే ఉంటే గడ్డ తీసినా మళ్లీ వస్తుంది.

*

అబ్బాయికి 11 ఏళ్లు, వెన్నులో పుట్టుకతో లోపం. నాలుగేళ్ల కింద పేగు ముక్క కలిపి మూత్రాశయం పెద్దది చేశారు. మేమే పైపు పెట్టి తీస్తాం. ఇప్పుడు గంజి తెట్టులాంటి తెల్లటి పోగులు వచ్చి పైపు అడ్డం పడుతోంది, వాసన కూడా ఉంది.
భూపాలపల్లి

ఆ పోగులు జిగురు. చిన్నపేగు ముక్కను మూత్రాశయంలో కుట్టినా, అది పేగు పనే చేస్తూ జిగురు వదులుతూ ఉంటుంది. కొన్నాళ్లకు తగ్గుతుందిగానీ పూర్తిగా ఆగదు. జిగురు నిలిస్తే సూక్ష్మజీవులు చేరతాయి, దాని చుట్టే రాళ్లు కడతాయి. వాసన పెరిగిందంటే లోపల ఏదో నిలుస్తోంది.

మందుకన్నా కడగడమే మేలు. రోజుకోసారి, వీలైతే రాత్రి పడుకునే ముందు, పైపుతో మూత్రం పూర్తిగా తీశాక 50 మి.లీ. సిరంజితో సెలైన్ లోపలికి వదిలి, మెల్లగా వెనక్కి లాగండి. తెట్టు రాకుండా తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ, మొత్తం 200 నుంచి 250 మి.లీ. వరకు. చాలామంది ఒక్క సిరంజితో కానిచ్చేస్తారు, అది చాలదు. కూర్చోబెట్టి, కాస్త అటూ ఇటూ తిప్పి లాగితే అడుగున ఉన్నది కూడా వస్తుంది. వదిలినంత వెనక్కి రాకపోతే మళ్లీ వదలకండి, పైపును కొద్దిగా జరపండి. ఇప్పుడు సన్నపైపు వాడుతుంటే 12 లేదా 14 నంబరుకు మారవచ్చా అని అడగండి. సెలైన్ కొనలేకపోతే లీటరు నీళ్లు 20 నిమిషాలు మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలపండి. తలగొట్టిన టీస్పూనుతో ఒకటిన్నర. మిగిలితే మరునాటికి పారబోయండి. ఈ పిల్లలకు రబ్బరు అలర్జీ తరచు కనిపిస్తుంది కాబట్టి లేటెక్స్ పైపులు, చేతి తొడుగులు వద్దని ప్రతి ఆసుపత్రిలోనూ ముందే చెప్పండి. పిల్లలు ఆడుకునే గాలి బుడగలూ లేటెక్సే.

ఒకసారి పైపు పెట్టి తీశాక మళ్లీ పెట్టేదాకా విరామం పగలు 4 గంటలు దాటకూడదు. బడిలో ఒక సారుకైనా, టీచరమ్మకైనా విషయం తెలిసి ఉండాలి, లేకపోతే పిల్లాడు సిగ్గుపడి ఇంటికొచ్చేదాకా ఆపుకుంటాడు. నిండిపోయిన పెంచిన మూత్రాశయం చిరగవచ్చు. ఇందులో దీనికన్నా భయంకరమైనది లేదు. వెన్ను లోపం ఉన్న పిల్లలకు పొట్టలో నొప్పి సరిగ్గా తెలియదు. ‘కడుపు నొప్పి లేదు కదా’ అని డాక్టర్లు కూడా పొరపడతారు. వాంతులు, పొట్ట ఉబ్బరం, భుజం నొప్పి, జ్వరం, మందకొడిగా ఉండడం, వీటిలో ఏ రెండు కనిపించినా 108కి ఫోన్ చేసి, వెళ్లగానే ‘పేగుతో పెంచిన మూత్రాశయం, చిరిగిందేమో చూడండి’ అని ఈ మాటలతోనే చెప్పండి. అప్పుడు పైపు పెట్టి మూత్రాశయంలోకి మందు పంపి సీటీ తీస్తారు.

పేగు పొర మూత్రంలోని ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి పీలుస్తుంది, అది ఎముకలను, ఎదుగుదలను తింటుంది. కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో క్రియాటినిన్, బైకార్బొనేట్, క్లోరైడ్ పరీక్షలు, ఏడాదికోసారి స్కాన్ ఉండాలి. పేగు చివరి భాగం వాడి ఉంటే బి12 తగ్గడానికి ఏళ్లు పడుతుంది. మీ వాడికి నాలుగేళ్లు అయింది కాబట్టి ఈ ఏడు నుంచి అది కూడా చూపించండి.

*

బాబుకు మూత్ర రంధ్రం కిందికి ఉందని ఆపరేషన్ చేసి, మూత్రాశయం పొరతో కొత్త దారి కట్టారట. ఇప్పుడు కొనలో ఎర్రటి పూరేకులా వేలాడుతోంది, బట్టకు అంటుకుంటోంది.
హుజూరాబాద్

ఈ పొరను దారి కట్టడానికి వాడడం 1947 నుంచే ఉంది. ముందోలు చర్మం మిగలనివారికి అప్పట్లో అది దిక్కు. ఇప్పుడు ఎక్కువగా బుగ్గ లోపలి పొర వాడుతున్నారు, కారణం మీరు చూస్తున్నదే. మూత్రాశయం పొర ఎప్పుడూ తడిలో బతకడానికే పుట్టింది, గాలి తగిలితే వాచి బయటికి తిరగబడుతుంది. బుగ్గ పొర తడికీ పొడికీ రెండిటికీ తట్టుకుంటుంది. పూరేకును గిల్లకండి, దారం కట్టకండి. రోజుకు రెండుసార్లు సెలైన్‌తో కడిగి, పెట్రోలియం జెల్లీ రాసి, వదులు కాటన్ బట్ట వేయండి. మూత్రం పోసేటప్పుడు ధార దారంలా సన్నబడినా, ముక్కి పోస్తున్నా కొన ఇరుకైనట్టే, వెంటనే చూపించాలి. ధార బాగుంటే మిగిలిన పొర కత్తిరించి సరిచేసే ఆపరేషన్‌కు పాతదానికి ఆరు నెలలైనా ఎడం ఇవ్వమంటారు, కణజాలం మెత్తబడేదాకా.